కార్డు తీసుకునే డాక్టరు

"కార్డా, క్యాషా?" అని అడిగింది కౌంటరులోని అమ్మాయి తలెత్తకుండా.

"కార్డే," అంది గేటమ్మ.

అప్పుడు తలెత్తింది. గేటమ్మను చూసి, ఆమె వెనక కుర్చీలో పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చున్న మొగుణ్ణి చూసి, ప్రభుత్వం వాళ్లిచ్చిన ఆ ఆరోగ్య బీమా కార్డును రెండు వేళ్లతో అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏం చూపించుకోవాలి?"

"కడుపు. నొప్పి వదలడం లేదు. మనిషి చూడు, సగమైపోయాడు. కడుపు డాక్టరుగారు ఉన్నారట కదా ఇక్కడ."

"కార్డు గుండెకి చెల్లుతుందండీ, ఎముకలకి చెల్లుతుంది. కడుపుకి చెల్లదు."

"బయట బోర్డు మీద ఇంతింత అక్షరాలతో చెల్లుతుందని రాశారు. కడుపుకి తప్ప అని ఎక్కడా లేదే?"

"కడుపు డాక్టరుగారు కార్డులో లేరండీ."

"అదిగో, ఆ తలుపు మీద ఆయన పేరుంది."

"ఇక్కడ ఉన్నారు. కార్డులో లేరు," అని ఆ అమ్మాయి కార్డును కౌంటరు మీద పెట్టేసి, వెనకాల నిలబడ్డాయన కోసం తల పక్కకు వంచింది. "మీకు సార్? కార్డా, క్యాషా?"

గేటమ్మ మొగుడు టైల్స్ వేసే మేస్త్రీ. లోకమంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. "పద, పద. ఆ వచ్చేదేదో గుండెకొచ్చినా పనైపోయేది. నొప్పి తప్పు చోట తెచ్చుకున్నాను," అన్నాడు. గేటమ్మ తప్ప అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

గేటమ్మ అసలు పేరు ఆమె పనిచేసే బట్టల దుకాణంలో జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అంతస్తుల మీద అంతస్తులున్న ఆ దుకాణంలో, జనం బయటికి వెళ్లే గుమ్మం దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చోవడం ఆమె ఉద్యోగం. బిల్లు చూడాలి, సంచిలో చెయ్యి పెట్టి బట్టల అంచులు లెక్కపెట్టాలి, బిల్లుకు చిల్లు పొడవాలి, నవ్వాలి. నవ్వడం ఒక్కటే ఆమెకు సరిగా పట్టుబడలేదు. మొహాలు చూస్తే మోసపోతామని, చేతులే చూడాలని ఆమె నమ్మకం. ఇంకో నమ్మకం కూడా ఉంది. సంచి చూపించమంటే విసుక్కునేవాడి దగ్గర ఏమీ ఉండదు. అడక్కముందే జిప్పు లాగి "చూడండమ్మా, చూసుకోండి" అనేవాడి మీదే కన్నేసి ఉంచాలి. ఈ లెక్కన ఆమె పట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఉత్త పుణ్యానికి అనుమానించినవాళ్ల లెక్క మాత్రం ఆమె దగ్గర లేదు.

మర్నాడు ఇంకో ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ కడుపుకి కూడా కార్డు చెల్లుతుందన్నారు గానీ, కార్డు మంచాలు ఖాళీ లేవన్నారు. మంచినీళ్లకని చెప్పి గేటమ్మ మెట్లెక్కి, వార్డులన్నీ తొంగిచూసి వచ్చింది. మడత నలగని దుప్పట్లతో మంచాలు కిటికీల పక్కన వరసగా పడి ఉన్నాయి.

"పైన అన్ని మంచాలు ఖాళీగా పడున్నాయి కదయ్యా," అని కౌంటరు గుమాస్తాను నిలదీసింది.

"అవి కార్డు మంచాలు కాదమ్మా."

"మీద పడుకున్నవాడిది కార్డో క్యాషో మంచానికి ఎలా తెలుస్తుందయ్యా?"

గుమాస్తా పక్కనున్న రిజిస్టరు తెరిచాడు. ఆ మంచాలను అలా విడదీసింది అతను కాదని, అతని మీద ఎగిరి లాభం లేదని ఆమెకు తెలుసు. తెలిసీ ఎగిరింది. మేస్త్రీ ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, బస్సు స్టాపులో చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నాకేం లేదే. గ్యాసు. ఇన్ని గుమ్మాలు తొక్కడం దేనికి?" అని అటునుంచి అటే పనికి వెళ్లిపోయాడు. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్తున్న ఆ మనిషి చొక్కా వెనక భాగం గాలికి ఊగడం చూస్తూ గేటమ్మ నిలబడింది. ఆ చొక్కా కొన్నప్పుడు భుజాల దగ్గర బిగుతైతే ఆమే కుట్లు విప్పి వదులు చేసింది.

ఆ సాయంత్రం ఆడపడుచు వచ్చింది. బస్సు డిపో వెనకున్న పాత ఆసుపత్రిలో ఆమె ఆయా. ఆమె వెనకే మేస్త్రీ కూడా వచ్చి, చెప్పులు విడుస్తూనే సంచిలోంచి అన్నం డబ్బా తీసి మూత తెరిచాడు. "చూడు, మెతుకు మిగల్చలేదు," అన్నాడు పెళ్లాంతో. ఇది రోజూ ఉండేదే. గేటమ్మ ఓ చూపు చూసి డబ్బా అందుకుని కుళాయి కింద పడేసింది.

"వదినా, మా ఆసుపత్రికి కొత్తగా కడుపు డాక్టరమ్మ వచ్చింది," అంది ఆడపడుచు. "కార్డు మీదే చూస్తుంది. పైన పైసా అడగదు."

"ఎందుకడగదు?"

"అడగదంతే."

"ఊరికే ఎందుకు చూస్తుందే? ఆవిడకి ఇల్లూ వాకిలీ లేవా?"

"అబ్బబ్బ! అడిగితే అడిగారని గోల, అడక్కపోతే ఎందుకడగలేదని గోల. రేపే తీసుకురా. పొద్దున్నే నేను చీటీ రాయించి ఉంచుతాను."

ఆ తొందర గేటమ్మకు నచ్చలేదు. ఆడపడుచు మాట్లాడుతూ అన్న మొహంలోకి చూడటం, ఆయన చప్పున గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోవడం కూడా నచ్చలేదు. కానీ నచ్చని చోటికి వెళ్లకపోతే ఇక వెళ్లడానికి చోటే మిగల్లేదు.

పాత ఆసుపత్రిలో డాక్టరమ్మ గది ఒకప్పుడు సామాన్లు పడేసిన కొట్టు లాగుంది. డాక్టరమ్మ పొట్టి మనిషి. కళ్లజోడు జారుతుంటే వేలితో పైకి తోసుకుంటూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. కార్డు నంబరు తనే కంప్యూటరులో కొట్టి, తెర వాళ్ల వైపు తిప్పింది. "ఇదిగో చూడండి, చెల్లింది. దీని మీద పరీక్షలూ మందులూ అన్నీ వస్తాయి. బయట ఎవరైనా డబ్బులడిగితే సరాసరి నా దగ్గరికి రండి. అనుమానం ఉంటే ఇదిగో, ఈ నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోవచ్చు," అంది. ఇదంతా ఎవరూ అడగలేదు. గేటమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆకలి ఎలా ఉంటోంది?" అని డాక్టరమ్మ మేస్త్రీని అడిగింది.

"బాగానే తింటారండీ," అంది గేటమ్మ. "కట్టిచ్చిన డబ్బా ఖాళీగా తెస్తారు రోజూ."

"మోషన్‌లో రక్తం ఏమైనా పడుతోందా?"

"అబ్బే, లేదండీ. ఉంటే నాకు చెప్పరూ?"

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా."

మేస్త్రీ కాలి బొటనవేలితో నేలను తట్టి చూస్తున్నాడు. "లేదండీ," అన్నాడు. "ఈ గదిలో టైల్స్ ఎవరు వేశారో గానీ డాక్టరుగారూ, ఈ మూల లేచిపోయింది. కింద బోలుగా ఉంది, చప్పుడు వినండి."

డాక్టరమ్మ చప్పుడు వినలేదు. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది, కంటి కింది రెప్ప లాగి చూసింది, మళ్లీ పొట్ట నొక్కింది. "ఒంట్లో రక్తం తగ్గింది. కిందినుంచి సన్నని కెమెరా గొట్టం పెట్టి పెద్దపేగు చూడాలి. ఎల్లుండి పొద్దున్నే చేసేస్తాను. రేపంతా ఏమీ తినకుండా ఈ పొడి నీళ్లలో కలుపుకుని తాగితే పేగు శుభ్రమవుతుంది."

"నెత్తురు లేదు, ఏం లేదు అన్నాం కదండీ. మరి గొట్టం దేనికి?"

"ఇంత బాగా తినే మనిషి ఇలా తగ్గిపోరమ్మా. ఏదో ఒకటి పొసగడం లేదు."

"అంటే మేం అబద్ధాలాడుతున్నామనా?"

"నేనలా అనలేదు," అని డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అన్నది అదే అని గేటమ్మకు అర్థమైంది.

బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పెద్దాయన గొంతు తగ్గించి, "గొట్టమన్నారా? ఇక్కడ కార్డు కనబడితే చాలమ్మా, గొట్టమే. పెట్టిన ప్రతి గొట్టానికీ ప్రభుత్వం దగ్గర్నుంచి ఆసుపత్రికి ముడుతుందట," అన్నాడు.

"మరి మీరెందుకొచ్చారు?"

"ఇంకెవరు చూస్తారమ్మా నన్ను?"

గేటమ్మ వెనక్కి తిరిగి చూసింది. డాక్టరమ్మ గది గుమ్మంలో ఆడపడుచును ఆపి ఏదో చెబుతోంది. ఆడపడుచు తలూపుతోంది. ఊపుతూ ఊపుతూ గేటమ్మ చూపు తగలగానే తల దించుకుంది. అంతే, గేటమ్మకు లెక్క తేలిపోయింది. ఇంటికొచ్చి మరీ పిలవడం, చీటీ ముందే రాయించడం, పైసా అడక్కపోవడం, అడక్కముందే అన్నీ తెరిచి చూపించడం. వీటిలో ఏ ఒక్కటైనా ఊరుకునేదేమో గానీ అన్నీ కలిస్తే ఊరుకోలేకపోయింది.

మెట్ల దగ్గర ఆడపడుచు చేతిలో తుడుపు కర్రతో ఎదురైతే సూటిగా అడిగేసింది. "మనిషిని పట్టుకొస్తే నీకెంత ముట్టజెబుతారేమిటి?"

"ఏంటి వదినా?"

"తెలీనట్టు అడక్కు. గొట్టానికింతని ఇస్తారట కదా."

ఆడపడుచు మొహం పాలిపోయింది. "సొంత అన్నని అమ్ముకుంటున్నానా నేను?" అని, గేటమ్మకు కాదు, అన్నకు చెప్పింది. నువ్వైనా నోరు విప్పు అన్నట్టు ఆయన వైపే చూస్తూ నిలబడింది. మేస్త్రీ మెట్ల అంచు మీది పగులును వేలితో తడుముతూ, "పోనీలేవే, రోడ్డు మీద గొడవెందుకు," అన్నాడు. అది రోడ్డు కాదు. ఆడపడుచు కళ్లు తుడుచుకుని బకెట్టు తీసుకుని పైకెళ్లిపోయింది.

పొడి ప్యాకెట్లు అలమారా పైకి చేరాయి. పరీక్షకు వెళ్లాల్సిన పొద్దున మేస్త్రీ గడ్డం గీసుకుని, ఈల వేసుకుంటూ పనికి బయల్దేరాడు. పీడ వదిలిందన్న హుషారు ఆయన నడకలో కనిపించింది. గేటమ్మ కూడా మోసపోకుండా బయటపడ్డామన్న ధీమాతో స్టూలెక్కింది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో జనం పలచబడ్డాక, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఒకాయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. గేటమ్మ చెయ్యి చాపకముందే సంచి నోరు విప్పి, "చూసుకోమ్మా, అన్నీ బిల్లులో ఉన్నవే," అన్నాడు. ఆమె చెయ్యి దానంతటదే సంచి అడుగుకు వెళ్లింది. అడుగున అట్ట కింద రెండు చొక్కాలు బిల్లు లేనివి దొరికాయి. సూపర్వైజరు వచ్చాడు, ఆయన్ని పక్కకు తీసుకెళ్లారు, అమ్మే పిల్లలంతా గుమిగూడి "గేటమ్మా, నీ కంటికి దండం!" అన్నారు.

మామూలుగా అయితే ఆ పొగడ్త ఆమెకు రెండు రోజులు సరిపోయేది. కానీ బిల్లుకు చిల్లు పొడిచే మిషను చేతిలో పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. "చూసుకోమ్మా" అన్న ఆ గొంతు తనకు బాగా తెలిసిన గొంతులా వినిపించింది. రోజూ సాయంత్రం, తను అడక్కముందే, చెప్పులైనా పూర్తిగా విడవకముందే, మూత తెరిచి చూపించే గొంతు. సూపర్వైజరును బతిమాలి, అప్పటికప్పుడు సెలవు తీసుకుని బయటపడింది.

మేస్త్రీ పని చేస్తున్నది ఇంకా పూర్తికాని ఇళ్ల సముదాయంలో. రాళ్ల పొడి, తడి సిమెంటు వాసన. టైల్స్ కోసే పనివాడు, అందరూ కటింగు అని పిలిచేవాడు, మెట్ల కింద కూర్చుని అన్నం తింటున్నాడు. అతని ముందున్నది గేటమ్మ కట్టిచ్చిన డబ్బా. ఆమెను చూసి ముద్ద నోటి దగ్గర ఆపి, "ఈ రోజు కూర అదిరింది అక్కా," అనేసి, అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

"రోజూ నువ్వే తింటావా?"

అతను డబ్బా వైపూ ఆమె వైపూ చూశాడు. "పారేస్తానంటే... అన్నం పారేయడం ఎందుకని. మేస్త్రీ నాలుగు మెతుకులు కూడా లోపలికి పోనివ్వడం లేదక్కా. నేను చెప్పానని చెప్పకు."

మేస్త్రీ పైన, సగం టైల్స్ వేసిన బాత్రూములో, చింపి పరచిన అట్టపెట్టెల మీద మోకాళ్లు పొట్టకు హత్తుకుని పడుకుని ఉన్నాడు. గోడకు వేసిన టైల్స్ మాత్రం గీత గీసినట్టున్నాయి. ఆమెను చూసి లేవబోయి లేవలేక, "తనిఖీకొచ్చావా?" అని నవ్వాడు.

గేటమ్మ తడి నేల మీదే చతికిలబడింది. "ఎన్నాళ్లయింది తిని?"

"ఈ మధ్యనే. వాసన సయించడం లేదు, అంతే."

"నెత్తురు పడుతోందా?"

"ఛ, లేదు."

ఆమె మొహం చూడలేదు. చేతులు చూసింది. సిమెంటుతో పగిలిన ఒక చెయ్యి రెండో చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. అవి అడిగినా ఈ మనిషి ఇలాగే లేదు లేదంటాడని ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. ఆయన తల కింద తన సంచి మడిచి పెట్టి, లేచి బస్సెక్కింది.

ఆడపడుచు ఆసుపత్రి వెనక వరండాలో తుడుపు గుడ్డ పిండుతోంది. వదినను చూసి పిండటం ఆపలేదు.

"మీ అన్నయ్య నీకేం చెప్పాడు?"

"కమీషన్ ఎంతని అడగవా ముందు?"

గేటమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది. ఆడపడుచు గుడ్డను బకెట్టు అంచు మీద ఆరేసి, తడి చేతులు చీరకు తుడుచుకుంది. "నెత్తురు పడుతోందని చెప్పాడు. ఎన్నాళ్లనుంచో, ఎంతో నాకూ సరిగ్గా చెప్పలేదు. కార్డు తీసుకునే డాక్టరు ఎవరైనా ఉంటే చూడమని చెప్పిందే ఆయన. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. మొన్న డాక్టరమ్మ కూడా నన్నాపి అదే అడిగింది, మీ అన్నయ్య ఏదో దాస్తున్నాడు, నీకేమైనా తెలుసా అని. నేను నోరు మూసుకున్నాను. తప్పు నాదీ ఉంది."

"నాకెందుకు చెప్పలేదే? నేను బాధపడతాననా?"

"బాధపడితే ఆయనకి బాగానే ఉండేది వదినా. అడుగుతావని. ఎప్పుడు మొదలైంది, ఎందుకు దాచావు, ఇంకేం దాచావు అని. నిజం చెప్పినా బోనులో నిలబెట్టినట్టే ఉంటుంది నీ ముందు. జబ్బు కన్నా దానికే ఎక్కువ భయపడ్డాడు అన్నయ్య."

గేటమ్మకు ముందు కోపం ముంచుకొచ్చింది. ఇంటిల్లిపాదీ మోసపోకుండా ఇన్నాళ్లూ కాపలా కాసింది ఎవరి కోసం? తర్వాత కోపం జారిపోయి సిగ్గేసింది. సిగ్గు కన్నా కోపమే నయమనిపించింది. "ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టింది.

"ఆ మాట నేను మర్చిపోను వదినా," అంది ఆడపడుచు బకెట్టు ఎత్తుకుంటూ. "రేపు అన్నయ్యని తీసుకురా. చీటీ రాయించి ఉంచుతాను."

మర్నాడు డాక్టరమ్మ గదిలో మాటల వాన లేదు. కార్డు నంబరు కొట్టి, ఈసారి తెర తన వైపే ఉంచుకుంది. "ఎందుకు రాలేదు? మీకోసం గది అట్టేపెట్టాను. ఆ పూట ఇంకొకరికి పనికొచ్చేది. ఇంకెక్కడికైనా వెళ్లారా? కార్డు ఇంకెవరికైనా ఇచ్చారా?"

"లేదండీ. నేనే వద్దన్నాను," అంది గేటమ్మ. "మిమ్మల్ని నమ్మలేదు."

డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుని ఆమెను చూసింది. కోపం తెచ్చుకున్నట్టు లేదు. "రాకపోయేసరికి పరీక్షకి కార్డు మీద వచ్చిన మంజూరు రద్దయిపోయింది. మళ్లీ మామూలుగా పెడితే ఎప్పటికి వస్తుందో నేను చెప్పలేను, నెలలు పట్టొచ్చు. అత్యవసరమని రాస్తే రేపో ఎల్లుండో వచ్చేస్తుంది. కానీ అలా రాయాలంటే కారణం ఉండాలి. లేనిది నేను రాయను." మేస్త్రీ వైపు తిరిగింది. "రక్తం పడుతోందా? ఎన్నాళ్లుగా? ఎలా ఉంటోంది? నాకు ఉన్నదున్నట్టు కావాలి. దాన్నిబట్టే మనకెంత టైముందో నాకు తెలుస్తుంది."

మేస్త్రీ డాక్టరమ్మను చూశాడు. తర్వాత పెళ్లాం వైపు చూశాడు. "అప్పుడప్పుడూ..." అన్నాడు. "ఈ మధ్యనే... అంటే, అంత పెద్దగా ఏం..."

ఆ "ఈ మధ్యనే" అబద్ధమని గేటమ్మకు తెలుసు. ఉంది డాక్టరుగారూ, నాకు తెలుసు, వీళ్ల చెల్లెలు చెప్పింది అన్న మాట ఆమె నాలుక చివర ఉంది. చెప్పేస్తే చిటికెలో తేలిపోతుంది. తేలేది కూడా సగమే. మిగతా సగం ఆయన ఒక్కడికే తెలుసు, దాన్ని ఆయన తన కళ్ల ముందు చెప్పడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనను చూసి మాట మింగిన సందర్భాలు ఇంకెన్ని ఉన్నాయో అనిపించి ఆమెకు ఏడుపొచ్చింది. దాన్ని అక్కడే దిగమింగింది.

కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "నేను బయట కూర్చుంటాను."

"ఎందుకే?" అన్నాడు మేస్త్రీ, కంగారుగా.

"ఊరికే. ఉక్కగా ఉంది. నువ్వు మాట్లాడు."

బయటికి వచ్చి తలుపు వేసింది. అది సరిగ్గా పడక సందు మిగిలింది. ఆ సందులోంచి ఆయన వీపు, ముందుకు వంగిన డాక్టరమ్మ నుదురు కనిపిస్తున్నాయి. గేటమ్మ గడియ టక్కుమని పడేదాకా తలుపును దగ్గరికి లాక్కుని, బెంచీ మీద తలుపుకు వీపు పెట్టి కూర్చుంది.

డాక్టరమ్మ గొంతు ఒకసారి వినిపించింది. తర్వాత ఆయన గొంతు, చిన్నగా, ఆగి ఆగి. మాటలు తెలియడం లేదు. చెవి కొంచెం అటు వంచితే తెలిసేవే. ఆమె లేచి బెంచీ ఆ చివరకు జరిగి కూర్చుంది.

అవునని ఆయన ఒక్క మాట చెబితే సరిపోతుందనుకుంది. లోపల ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.